గాజుపోగును అతికే నేర్పు

హైదరాబాద్‌లో మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల చుట్టుపక్కల గల్లీల్లో ఇంటర్నెట్ చాలావరకు తల మీదుగానే నడుస్తుంది. కరెంటు స్తంభం నుంచి అపార్ట్‌మెంటు పిట్టగోడకు, అక్కడి నుంచి ఇంకో మేడకు సాగే నల్లటి కేబుళ్లలో ఉన్నది గాజుపోగులే. నెలకు కొన్ని వందల రూపాయలకే ఇంటింటికీ వేగమైన కనెక్షన్ దొరుకుతోందంటే కంపెనీల పోటీయే కారణమంటారు. పోటీ నిజమే. కానీ ఆ ధర నిలబడేది నిచ్చెన వేసుకుని గాజును గాజుతో కలిపే స్ప్లైసింగ్ పనివాళ్ల నేర్పు మీద. ఆ పనిని దగ్గర నుంచి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

కేబుల్ తొడుగు ఒలిచి, బలం కోసం పెట్టిన కెవ్లార్ పీచు కత్తిరిస్తే రంగురంగుల పోగులు బయటపడతాయి. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అంటూ వరస 12 రంగుల దాకా పోతుంది. ఏ పోగు దేనితో కలవాలో రంగే చెబుతుంది. స్ట్రిప్పర్‌తో పైపూత తీసేస్తే మిగిలే గాజు మందం 125 మైక్రాన్లు, ఇంచుమించు మన వెంట్రుకంత. వెలుగు ప్రయాణించేది అందులోనూ నడిమధ్య 9 మైక్రాన్ల దారిలో. స్ట్రిప్పర్ కాస్త వంకరగా పట్టినా గాజు మీద కంటికి ఆనని గీత పడుతుంది. అలాంటి పోగు ఇవాళ పనిచేసినా రేపు అక్కడే విరగొచ్చు. అందుకే చేయి తిరిగినవాడు ఒక్క లాగుడులో పూత తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత దాన్ని వేలితో ముట్టుకోడు.

ఇక క్లీవర్. అది గాజును కోయదు, చిన్న గాటు పెడుతుంది. గాటు దగ్గర పోగు నిలువుకు అడ్డంగా, నునుపుగా విరగాలి. ఒక డిగ్రీ వాలినా అతుకు చెడుతుంది. విరిగిన ముక్కను కింద పారేయకుండా డబ్బాలో వేస్తే పనివాడు శ్రద్ధ ఉన్నవాడని అర్థం, ఎందుకంటే ఆ ముక్క చర్మంలో దిగితే వెతికి తీయడం కష్టం. రెండు కొసలనూ అతుకు వేసే మెషీన్‌లో పెట్టి మూత వేస్తే తెర మీద అవి పెద్దవిగా కనబడతాయి. మెషీన్ వాటిని ఎదురెదురుగా సర్ది, ఎలక్ట్రోడ్ల మధ్య విద్యుత్ మెరుపు పుట్టిస్తుంది. గాజు కరిగి ఒకటవుతుంది. వెలుగు నష్టం 0.02 డెసిబెల్ అని తెర చూపిస్తే మంచి అతుకు పడినట్టే.

అక్కడితో అయిపోలేదు. ముందే పోగుకు ఎక్కించిన స్లీవ్‌ను అతుకు మీదికి జరిపి వేడి చేయాలి. ఎక్కించడం మరిచిపోతే అతుకు తెంపి మళ్లీ మొదటి నుంచి రావాలి. ట్రేలో పోగును వదులుగా, గుండ్రంగా చుట్టాలి. మలుపు బిగిస్తే వెలుగు పక్కకు జారిపోతుంది. చివరికి వెలుగును కొలిచే పవర్ మీటర్.

"అన్నా, పవర్ ఎంతొస్తుంది?"

"మైనస్ పంతొమ్మిది."

"మస్తుంది. డబ్బా మూసెయ్."

ఈ అంకెలోనే ధర రహస్యముంది. జీపాన్ పద్ధతిలో ఒక్క పోగులోని వెలుగును స్ప్లిటర్లు 32 లేదా 64 ఇళ్లకు పంచుతాయి. పంపకానికే చాలా వెలుగు ఖర్చయిపోతుంది. సుమారు మైనస్ 27 దాటి తగ్గితే మామూలు మోడెమ్ అందుకోలేదు. మిగిలిన ఆ కాస్త వెలుగును చెడ్డ అతుకులు తినేస్తే "రెడ్ లైటు వస్తుంది" అంటూ ఫోన్లు మొదలవుతాయి. ప్రతి ఫోన్‌కూ మళ్లీ బండి, మళ్లీ మనిషి, మళ్లీ నిచ్చెన. ఆ ఖర్చంతా చేరేది బిల్లులోకే. ఒకసారి వేసి మళ్లీ తిరిగి చూడనక్కర్లేని అతుకే చవకైన ఇంటర్నెట్‌కు పునాది.

ఆఫ్రికా వైపు చూస్తే ఈ లెక్క ఇంకా తేటపడుతుంది. 2009లో సీకామ్ సముద్ర కేబుల్ దక్షిణాఫ్రికా, మొజాంబిక్, టాంజానియా, కెన్యాలను ముంబయితో కలిపింది. కానీ మలావీ, చాద్ లాంటి తీరం లేని దేశాలకు గాజుపోగు పొరుగు దేశాల నేల మీదుగా చాలా దూరం రావాలి. మల్లాపూర్‌లో ఒక అతుకుల డబ్బా ఖర్చును అపార్ట్‌మెంటు మొత్తం పంచుకుంటుంది. ఇళ్లు దూరం దూరంగా ఉన్నచోట అదే ఖర్చు నాలుగైదు కుటుంబాల మీదే పడుతుంది. ప్రాథమిక బ్రాడ్‌బ్యాండ్ ధర తలసరి నెల ఆదాయంలో 2 శాతం లోపే ఉండాలని ఐక్యరాజ్య సమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2025కు లక్ష్యం పెట్టింది. ఆఫ్రికాలో అనేక దేశాల్లో ఇంటి కనెక్షన్ ధర దానికి ఎన్నో రెట్లు. 2024 మార్చిలో ఐవరీ కోస్ట్ దగ్గర నాలుగు సముద్ర కేబుళ్లు తెగి పశ్చిమాఫ్రికా అల్లాడినప్పుడు, ఓడల మీద జరిగిన మరమ్మతులోనూ కీలకం ఇదే అతుకు.

మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఖర్చు తగ్గించే దారులు వెతికాయి. 2017లో రూ.149కే కనెక్షన్ ప్రకటించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాలను వాడుకుంది. తెలంగాణ టీ-ఫైబర్, మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే కేబుల్ వేసింది.

అయితే స్తంభాల మీది చవక ప్రాణాల మీదికి రాకూడదు. 2025 ఆగస్టులో ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్‌తో ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరమంతటా స్తంభాల మీది కేబుళ్ల తొలగింపు మొదలైంది. కేబుళ్లు భూమిలోకి వెళ్లాల్సిందే. వెళ్లినా అతుకు వేసే చేయి అవసరం పోదు. ఆ చేతికి సరైన శిక్షణ, బీమా, నేర్పుకు తగ్గ జీతం ఇవ్వడం కంపెనీల బాధ్యత. చవకగా ఇంటర్నెట్ అందుకుంటున్న మనం అడగాల్సిన మాట కూడా అదే.