గురువారం మధ్యాహ్నం సినిమా

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రధాన గ్రంథాలయం ఇప్పటి భవనాన్ని 1996లో తెరిచారు. దాని కింది అంతస్తులో కోరెట్ ఆడిటోరియం ఉంది. అక్కడ గురువారాల్లో మధ్యాహ్నం 12 గంటలకు ఉచితంగా సినిమా వేస్తుంటారు. నెలకో అంశం తీసుకుని, దానికి తగ్గ సినిమాలు ఏరుతారు. నాకు ముచ్చటేసేది ఆ ఏరడమే. ఎన్నో చూసినవాళ్లకు తప్ప అది చేతకాదు. పైగా డీవీడీ కొన్నంత మాత్రాన నలుగురికీ చూపే హక్కు రాదు, బహిరంగ ప్రదర్శనకు విడిగా అనుమతి తీసుకోవాలి. చెవులు సరిగా వినపడనివాళ్ల కోసం తెరమీద సంభాషణలు పడేలా చూడాలి. ఇంత చేసిన లైబ్రేరియన్ పేరు ఏ తెరమీదా పడదు. టికెట్టు లేదు కాబట్టి ఆఫీసు ఉద్యోగి పక్కనే ఇల్లు లేని మనిషీ కూర్చోవచ్చు. ఎంత గొప్ప సంగతి! సినిమా నచ్చితే మూలకథ పుస్తకం పై అంతస్తుల్లో వెతుక్కోవచ్చు. ఆలస్యంగా తిరిగిచ్చినా జరిమానా ఉండదు, 2019లోనే ఎత్తేశారు.