అత్తగారు మెమో ఇవ్వదు!

సాహిత్యానికి ఆలంకారికులు చెప్పిన నిర్వచనాలు బి.ఎ.లో బట్టీ పట్టాను. అన్నిటికన్నా చిక్కైన నిర్వచనం మాత్రం సర్కారు వారిది. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాల ప్రకారం, ఉద్యోగి రాసేది కేవలం సాహిత్యమో, కళో, శాస్త్రమో అయితే పైవాళ్ళ అనుమతి అక్కర్లేదు. ఆ పక్క నియమమే ప్రభుత్వాన్ని విమర్శించకూడదంటుంది. రాష్ట్రాలదీ ఇంచుమించు ఇదే బాణీ.

కేవలం సాహిత్యమంటే ఏమిటండీ? 'కన్యాశుల్కం'లో పోలీసులున్నారు, ప్లీడర్లున్నారు, దొంగసాక్ష్యాలున్నాయి. అవి తీసేస్తే నాటకం మిగలదు. ఉంచితే 'కేవలం' మిగలదు!

మా శాలిబండలో ఓ లెక్చరరుగారు హాస్టలు పిల్లల తిండి మీద చక్కటి కథ రాశారు. ఏడాదిగా అది బీరువాలోనే ఉంది. "మీకేమమ్మా, మీకు జీతమిచ్చేవాడు లేడుగా!" అన్నారు. నవ్వాను గానీ మనసు చివుక్కుమంది.

ఈ ఊరికిది కొత్త కాదు. సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాలు. చాందా రైలు పథకాన్ని తప్పుపట్టినందుకు 1883లో ఆయన్ని కొలువు నుంచే కాదు, రాజ్యం నుంచే పంపేశారు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా వందలాది విద్యార్థుల్ని బయటికి నెట్టింది. చాలామంది నాగపూరు వెళ్ళి చదువుకున్నారు; వాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. తెలుగు పంతులు చెరబండరాజు తన రాతలకు 1971లో జైలు చూశారు.

వీళ్ళను గర్వంగా తలుచుకుంటాం, బాగానే ఉంది. కానీ నోరు మూయించడానికి ప్రతిసారీ జైలే అక్కర్లేదు. ఓ మెమో, ఓ బదిలీ, ఆగిపోయిన ఇంక్రిమెంటు చాలు. జైలుకెళ్ళిన కవుల మీద విమర్శకులు గ్రంథాలు రాస్తారు. బీరువాలో ఆగిపోయిన కథల మాటెత్తరు. పైగా మన కథల్లో ఆఫీసులు కనపడవేం, ఎప్పుడూ అత్తాకోడళ్ళేనా అని సణుగుతారు. అత్తగారు మెమో ఇవ్వదు కనక!

ఆఫీసు రహస్యాలు దాచమనడం న్యాయమే. అయితే ఉద్యోగి జీతానికి అమ్ముకున్నది పనిని, అభిప్రాయాన్ని కాదు. అదీ జీతంలో కలిసే వచ్చిందనుకునే యజమాని వల్ల నష్టపోయేది ఆ ఒక్క ఉద్యోగే కాదు. తమ బిడ్డ హాస్టల్లో ఏం తింటోందో తెలియని తల్లిదండ్రులు కూడా.