కమాను వంపు

బ్యాటరీ రిక్షా వెనక మోకాలు నేలకానించి చట్రం కిందికి చూడండి. చక్రం పక్కన, ఒకదాని కింద ఒకటిగా పేర్చిన ఉక్కు పట్టీలు కనిపిస్తాయి. ఆ కట్టే కమాను. పై పట్టీ అన్నిటికన్నా పొడవు. దాని రెండు కొసలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. కిందికి దిగేకొద్దీ పట్టీలు మెట్లుమెట్లుగా పొట్టివవుతాయి. ఇంత పొదుపైన సౌందర్యం యంత్రాల్లో అరుదు.

ఆ మెట్లు అలంకారానికి పెట్టినవి కావు. బరువు పడినప్పుడు కమానును వంచే బలం ఇరుసు దగ్గర, నడిమధ్యన, ఎక్కువ. కొసలకు పోయేకొద్దీ తగ్గుతుంది. ఉక్కు కూడా ఆ లెక్కనే మధ్యలో దళసరిగా, కొసల్లో పలచగా ఉంటుంది. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్న క్షేమేంద్రుడికి ఈ కట్టను చూపించాలనిపిస్తుంది. ఈ వంపు పాతదే. లండన్‌లో ఒబదయా ఇలియట్ గుర్రబ్బగ్గీల కమానులకు పేటెంటు తీసుకున్నది 1804లో. గుర్రం పోయింది, బ్యాటరీ వచ్చింది. వంపు మాత్రం మిగిలింది.

కావడిబద్ద అడుగడుక్కీ వంగి భుజాన్ని కాచినట్టు ఇదీ వంగుతూనే కాస్తుంది. పైగా పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడే ఊపును అణుస్తుంది. మోయడం, ఊగడం, ఊపు ఆపడం, ఇరుసును పట్టి ఉంచడం: నాలుగు పనులూ ఒక్క కట్టవే.

ఈ బండిలో దానికి విశ్రాంతి లేదు. సాధారణంగా వెనక సీటు కింద నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక్కొక్కటి 30 కిలోలకు అటూఇటూ. సవారీలు దిగిపోయినా, రాత్రి ఛార్జింగ్‌కి పెట్టినా, క్వింటాలుకు పైగా బరువు కమాను మీదే. ఏళ్లు గడిచేకొద్దీ వంపు చదునై, బండి వెనక్కి కుంగుతుంది.

అలా కుంగిన కమానును మార్చే పని చూడటం ఒక కచేరీ వినడమే. మెయిన్ స్విచ్ కట్టేసి, ముందు చక్రానికి అడ్డుపెట్టి, చట్రాన్ని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసు కింద జాకీ పెడతారు. మోటారు చాలా బండ్లలో ఇరుసుకే బిగించి ఉంటుంది కాబట్టి దాని వైర్లు లాగకుండా చూసుకోవాలి. కట్టను ఇరుసుకు బిగించే యు బోల్టులు ఊడతాయి, పాత కట్ట దిగుతుంది. కొత్త కట్ట కింది సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చునే క్షణం ఉందే, అదే ఈ పనికి తాళంలో సమం లాంటిది! అది అరంగుళం తప్పినా ఇరుసు వంకరపోతుంది. ఎలక్ట్రిక్ మోటారు కదిలిన తొలి క్షణంలోనే పూర్తి బలంతో తిప్పుతుంది, ఆ మెలిని తట్టుకోవాల్సింది ఈ కమానే. అందుకే యు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తారు.

నాకు అన్నిటికన్నా సున్నితంగా తోచేది చివరి బిగింపు. కమాను కొసల చుట్టల్లోని రబ్బరు బుష్‌ల బోల్టులను బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకు ఆని, బరువు కమాను మీదికి వచ్చాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. బరువు కోసం ఆగడం తెలిసినవాడే పనివాడు.

ఇంకో పట్టీ అదనంగా దూర్చి గట్టిచేయమనేవాళ్లున్నారు. అది రసభంగం. వంగని కమాను ప్రతి గుంత దెబ్బనూ నేరుగా సవారీల నడుముకీ, బ్యాటరీలకీ అందిస్తుంది. బండికి తయారీదారు చెప్పిన కట్టనే, రెండు వైపులా ఒకేసారి, కొత్త యు బోల్టులతో వేయించండి. బండి కొంత దూరం నడిచాక ఆ బోల్టులను మళ్లీ ఒకసారి బిగించమని అడగండి.