తీగ ఎక్కడ తెంచాలి?

గుంటూరు జిల్లా అధికారిక వెబ్‌సైటును భావి తరాల కోసం దాచాలనుకుందాం. కారణం లేకపోలేదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. జిల్లా పటం, మండలాల జాబితా, కార్యాలయాల వివరాలు అన్నీ మారాల్సి వచ్చింది. పత్రికయితే పాత సంచిక ఏదో ఒక గ్రంథాలయంలో దొరుకుతుంది. వెబ్‌సైటులో అలా కాదు, కొత్త పేజీ వచ్చి పాతదాని చోట్లోనే కూర్చుంటుంది. కాబట్టి దాచాలి. అంతవరకు పేచీ లేదు. 'గుంటూరు జిల్లా వెబ్‌సైటు' అంటే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

వెబ్ ఆర్కైవింగ్ చేసేవాళ్లు క్రాలర్ అనే ప్రోగ్రాముకు ఒక చిరునామా ఇస్తారు. దాన్ని సీడ్ అంటారు. క్రాలర్ ఆ పేజీని తెచ్చి, అందులోని లింకులన్నీ ఏరి, వాటి వెంటపడి మరిన్ని పేజీలు తెస్తుంది. వాటిలో మళ్లీ లింకులు. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. జిల్లా సైటు అడుగున రాష్ట్ర ప్రభుత్వ సైటుకు ఒక లింకు, ఇండియా పోర్టల్‌కు ఇంకొకటి, ఫేస్‌బుక్‌కో యూట్యూబ్‌కో మరొకటి ఉంటాయి. ఎవరూ ఆపకపోతే గుంటూరు కలెక్టరేట్‌లో బయలుదేరిన క్రాలర్ మధ్యాహ్నానికల్లా ఏ సినిమా ట్రైలర్ల మధ్యో తేలుతుంది. అందుకే ఎదురైన ప్రతి చిరునామానూ 'ఇది మనదా, కాదా?' అని అడిగించే నియమాలు రాసిపెడతారు. ఆ నియమాలన్నీ కలిపితే స్కోప్, మన మాటల్లో పరిధి. క్రాలర్ ఎవరిదైనా, సర్వర్ ఎంత పెద్దదైనా, ఆర్కైవ్ విలువను తేల్చేది ఈ నాలుగు పంక్తుల నియమాలేనని నా అభిప్రాయం.

ఈ ప్రశ్న వెబ్ ఆర్కైవింగ్‌తోపాటే పుట్టింది. 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రూస్టర్ కేల్ ఇంటర్నెట్ ఆర్కైవ్ స్థాపించారు. అదే ఏడాది స్వీడన్ జాతీయ గ్రంథాలయం తమ దేశపు వెబ్‌ను మొత్తంగా ఊడ్చి తెచ్చే పనికి పూనుకుంది. అదే ఏడాది ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం పండోరా పేరుతో పూర్తిగా వేరే దారి పట్టింది: ఒక్కో సైటును మనిషి ఎంచి, సరిగా వచ్చిందో లేదో చూసి మరీ భద్రపరచడం. ఏది విలువైనదో రేపటి పరిశోధకుడు చెబుతాడు, మనమెవరం అంటుంది స్వీడన్ పద్ధతి. చూడకుండా కుప్ప పోస్తే అందులో సగం విరిగిన పేజీలే ఉంటాయి అంటుంది ఆస్ట్రేలియా పద్ధతి. తర్వాత చాలా దేశాలు రెండింటినీ కలుపుకున్నాయి. బ్రిటన్‌లో వెబ్‌సైట్లను సేకరించే అధికారాన్ని గ్రంథాలయాలకు ఇచ్చే చట్టం 2013 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక డాట్ యూకే సైట్లన్నిటినీ ఏడాదికోసారి చుట్టిరావడం మొదలైంది. అంత పెద్ద ప్రయాణంలో ఒక్కో సైటుకు మామూలుగా 512 మెగాబైట్ల పరిమితి పెట్టుకున్నారు. చిన్న సైట్లన్నీ నిండుగా వస్తాయి, పెద్దవి తెగిపోతాయి. ఆ తెగిన వాటిలో ముఖ్యమైనవాటికి విడిగా లోతైన క్రాల్ చేస్తారు. పరిమాణం మీద గీసిన హద్దు కూడా పరిధే.

నియమాలు రాయడంలో ఒక పద్ధతి స్థిరపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్, నార్డిక్ దేశాల జాతీయ గ్రంథాలయాలు కలిసి తయారుచేసి 2004లో విడుదల చేసిన హెరిట్రిక్స్ అనే క్రాలర్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి నియమం: అన్నిటినీ తిరస్కరించు. రెండోది: ఫలానా చిరునామాతో మొదలయ్యేవాటిని రానివ్వు. ఆ తర్వాత: సీడ్ నుంచి మరీ దూరం వెళ్లినవాటిని ఆపు. పేజీ సరిగా కనిపించడానికి కావలసిన బొమ్మలు, స్టైల్ ఫైళ్లు బయట ఉన్నా తెచ్చుకో. ఫలానా రకం చిరునామాలను వదిలెయ్. ఒక్కో నియమం అవుననో కాదనో అంటుంది, లేదా నాకు సంబంధం లేదంటుంది. చివరగా మాట్లాడిన నియమానిదే నెగ్గు. కాబట్టి రాసే వరసకు కూడా అర్థం ఉంటుంది. రెండు నియమాలు తారుమారైతే అవే నియమాలతో వేరే ఆర్కైవ్ తయారవుతుంది.

చిరునామాను క్రాలర్ తిరగేసి చదువుతుంది. మనం గుంటూరు, ఏపీ, గవ్, ఇన్ అని రాస్తే అది ఇన్, గవ్, ఏపీ, గుంటూరు అని పేర్చుకుంటుంది, ఉత్తరం మీద చిరునామాను దేశం వైపు నుంచి ఇంటి నంబరు వైపుకు చదివినట్టు. అలా పేర్చాక ఎక్కడ ఆపితే అంత మేర మన పరిధి. 'ఏపీ' దగ్గర ఆపితే రాష్ట్రంలోని జిల్లాలన్నీ, శాఖలన్నీ వస్తాయి. 'గుంటూరు' దాకా వెళితే ఆ జిల్లా ఒక్కటే. ఇక్కడ కొత్తవాళ్లను కొరికే చిన్న పురుగు ఒకటుంది. సీడ్‌గా ఒక ఫోల్డర్‌ను ఇచ్చి చివర ఏటవాలు గీత (/) పెడితే ఆ ఫోల్డర్ వరకే పరిధి. ఆ గీత మరిచిపోతే చివరి మాటను ఫైలు పేరుగా భావించి క్రాలర్ ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. మామూలుగా ఆ పై మెట్టు మొత్తం సైటే.

మళ్లీ గుంటూరుకు వద్దాం. సీడ్ సరిగా ఇచ్చాం, గీత మరిచిపోలేదు, క్రాల్ ముగిసింది. తెరిచి చూస్తే పేజీలు చక్కగా కనిపిస్తున్నాయి, బొమ్మలు ఉన్నాయి. కానీ టెండర్ ప్రకటన మీద, నియామకాల జాబితా మీద నొక్కితే ఏమీ తెరుచుకోదు. పీడీఎఫ్‌లు రాలేదు. ఎందుకంటే మన జిల్లా సైట్లు చాలావరకు ఎస్3వాస్ అనే కేంద్ర ప్రభుత్వ వేదిక మీద నడుస్తాయి. అప్‌లోడ్ చేసిన ఫైళ్లు జిల్లా చిరునామాలో ఉండవు, ఆ వేదికకు చెందిన వేరే హోస్టులో, అంటే వేరే డొమైన్ పేరు కింద ఉంటాయి. బొమ్మ పేజీలో పొదిగి ఉంటుంది కాబట్టి 'పేజీకి కావలసినవి బయట ఉన్నా తెచ్చుకో' అన్న నియమం దాన్ని కాపాడింది. పీడీఎఫ్ పొదిగింది కాదు, లింకు. లింకుగా చూస్తే అది పరాయి హోస్టు, క్రాలర్ గుమ్మంలోనే ఆగిపోయింది. జిల్లా పాలన చరిత్ర రాయబోయేవాడికి కలెక్టరేట్ ఫొటో కంటే ఆ పీడీఎఫ్‌లే కదా కావాలి!

తొందరపడితే తోచే మందు, ఆ హోస్టును మొత్తంగా పరిధిలో చేర్చడం. అప్పుడు దేశంలోని ఎన్నో జిల్లాల ఫైళ్లకు తలుపు తెరిచినట్టే. క్రాలర్‌కు ఎక్కడ లింకు దొరికితే అక్కడికి పోతుంది. కాస్త ఆగి చిరునామాలను చూస్తే, ఆ హోస్టులో ఒక్కో సైటుకు పొడవాటి సంకేతంతో విడి ఫోల్డర్ ఉందని కనిపిస్తుంది. గుంటూరు ఫోల్డర్ వరకే ఒక నియమం రాస్తే సరి. పరిధిని సరిదిద్దడమంటే చాలాసార్లు ఇంతే. నియమాల గ్రంథం చదివినవాడికన్నా, తెచ్చిన పేజీలను ఓపికగా నొక్కి చూసినవాడికే ఇది దొరుకుతుంది.

తెలుగు లాంటి భాషలకు తగిలే చిక్కు ఇంకొకటి ఉంది. యూనికోడ్ స్థిరపడకముందు తెలుగు దినపత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. ఫైలు లోపల ఉన్నవి తెలుగక్షరాలు కావు, రోమన్ అక్షరాలు, గుర్తులు. ఫాంటు వచ్చి వాటి మీద తెలుగు రూపం తొడిగేది. ఆ కాలపు పేజీని దాచి, ఫాంటు ఫైలును వదిలేస్తే మిగిలేది చదవలేని గుర్తుల బారు. మామూలుగా ఫాంటును పిలిచేది పేజీ కాదు, పేజీ పిలిచిన స్టైల్ ఫైలు. అంటే పేజీ నుంచి రెండు అడుగులు. హెరిట్రిక్స్ మామూలు అమరికలో బయటి హోస్టు నుంచి పొదిగినవాటికి ఇచ్చే సడలింపు సరిగ్గా రెండడుగులే. స్టైల్ ఫైలు మరో స్టైల్ ఫైలును పిలిచి, అది ఫాంటును పిలిస్తే మూడో అడుగు. బయటి హోస్టులో ఉన్న ఆ ఫాంటు పరిధి దాటిపోతుంది. ఇంగ్లిష్ పేజీకి ఫాంటు రాకపోతే అందం పోతుంది, అంతే. ఆ పాత తెలుగు పేజీకి భాషే పోతుంది. ఈ మధ్య వాడుకలోకి వచ్చిన బ్రౌజర్ట్రిక్స్ లాంటి సాధనాలు నిజమైన బ్రౌజర్‌నే నడిపి, పేజీ తెరుచుకునేటప్పుడు దిగినవన్నీ పట్టుకుంటాయి కాబట్టి ఈ అడుగుల లెక్క వాటికి పట్టదు. పీడీఎఫ్ లింకు సమస్య మాత్రం వాటికీ ఉంది.

తక్కువ రావడం ఒక తెగులైతే ఎక్కువ రావడం మరొకటి. కార్యక్రమాల క్యాలెండర్‌లో 'తర్వాతి నెల' బటన్‌ను క్రాలర్ విసుగు లేకుండా నొక్కుతూ పోతుంది. ఏ సభలూ లేని 2090 ఫిబ్రవరి కూడా దానికి కొత్త పేజీయే. టెండర్ల పట్టికను తేదీ వారీగా, శాఖ వారీగా, పేరు వారీగా పేర్చే లింకులుంటే ఒకే పట్టిక వందల చిరునామాలతో వస్తుంది. వీటిని ఆపడానికి చిరునామాలోని అక్షరాల అమరికను బట్టి తిరస్కరించే సూత్రాలు రాస్తారు. ఇక్కడే చెయ్యి బరువు కాకూడదు. 'క్యాలెండర్' అన్న మాట ఉన్న ప్రతిదాన్నీ ఆపమంటే విశ్వవిద్యాలయం సైటులో అకడమిక్ క్యాలెండర్ కూడా పోతుంది.

అందుకే అసలు క్రాల్‌కు ముందు పరీక్షా క్రాల్ చేస్తారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2006 నుంచి గ్రంథాలయాలకు అందిస్తున్న ఆర్కైవ్-ఇట్ సేవలో దీనికి ప్రత్యేక ఏర్పాటే ఉంది. పరీక్ష ముగిశాక ఏ హోస్టు నుంచి ఎన్ని ఫైళ్లు వచ్చాయి, ఎన్ని వరసలో మిగిలాయి, ఎన్ని పరిధి దాటాయని ఆగాయి అన్న నివేదిక వస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు వచ్చినవాటి లెక్క కంటే ముందు రానివాటి లెక్క చూస్తారు. ఒక హోస్టు దగ్గర వేలకొద్దీ చిరునామాలు ఇంకా వరసలోనే నిలబడి ఉంటే అక్కడ క్యాలెండర్ లాంటి అంతులేని ఉచ్చు ఉందని అనుమానం. పరిధి దాటినవాటిలో పీడీఎఫ్‌లు కుప్పగా కనిపిస్తే మన గుంటూరు కథే. నియమం మార్చి మళ్లీ పరీక్షిస్తారు.

ఇంత తీరిక అన్నిసార్లూ ఉండదు. 2022 మార్చిలో, యుద్ధంలో చిక్కుకున్న ఉక్రెయిన్ మ్యూజియంలు, గ్రంథాలయాల సైట్లను కాపాడేందుకు సూచో అనే బృందంలో వెయ్యి మందికి పైగా స్వచ్ఛందంగా చేరారు. గంట తర్వాత ఆ సర్వర్‌కు కరెంటు ఉంటుందో లేదో తెలియనప్పుడు ముందు పెద్ద వల వెయ్యాలి, ఏరడం తర్వాత. హద్దులు సరిదిద్దే నేర్పు రేపు కూడా ఆ సైటు ఉంటుందన్న నమ్మకం మీద నిలబడ్డది.

సైటు యజమాని గీసే హద్దు వేరే ఉంటుంది. క్రాలర్లు ఎక్కడికి రావొద్దో చెప్పే రోబోట్స్ ఫైలు పద్ధతిని 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించారు. అది ప్రధానంగా సెర్చ్ ఇంజిన్ల కోసం రాసుకునేది. దాన్ని ఆర్కైవ్ కూడా తు.చ. తప్పకుండా పాటిస్తే స్టైల్ ఫైళ్ల ఫోల్డర్ మూసి ఉన్న సైటు బట్టల్లేకుండా వస్తుంది. చట్టం అండ ఉన్న డెన్మార్క్ గ్రంథాలయం 2005 నుంచి తన దేశపు సైట్ల విషయంలో దాన్ని లెక్కచేయదు. మన 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా వంటివాటికి పుస్తకాలు పంపాలి. 1956 సవరణతో పత్రికలు చేరాయి. వెబ్‌సైట్ల మాట లేదు. కాబట్టి మన దగ్గర ఎవరైనా ఈ పని చేపడితే సైటు యజమానిని అడిగి మొదలుపెట్టడమే మర్యాద.

తెలుగు వెబ్‌ను మొత్తంగా దాచాలని ఎవరైనా తలపెడితే పరిధి ఎలా గీయాలి? స్వీడన్‌కు దేశపు డొమైన్ ఉంది. తెలుగుకు డాట్ భారత్ అని తెలుగు లిపిలోనే ఒకటుంది గానీ, తెలుగు రాసేవాళ్లలో అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు బహు తక్కువ. 1998లో అమెరికాలోని తెలుగువాళ్లు మొదలుపెట్టిన 'ఈమాట' డాట్ కామ్‌లో ఉంది. ప్రవాస సంఘాలు డాట్ ఆర్గ్‌లో, ప్రభుత్వాలు డాట్ ఇన్‌లో ఉన్నాయి. బ్లాగులు ఎవరో ఇచ్చిన ఉచిత స్థలంలో ఉన్నాయి, అక్కడ ఒక తెలుగు బ్లాగు పక్కనే లక్షల పరభాషా బ్లాగులుంటాయి. చిరునామాను చూసి భాషను పట్టలేం. ఆస్ట్రేలియా పద్ధతి తప్ప వేరే దారి నాకు కనిపించదు: తెలిసినవాళ్లు కూర్చుని సీడ్‌ల జాబితా రాసి, ఒక్కోదానికి విడిగా హద్దు గీసి, ఏడాదికోసారి జాబితాను సవరించుకోవాలి. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు చేయదగ్గ పని ఇది.

చేసేవాళ్లు జాబితాతోపాటు నియమాలను కూడా దాచాలి. ఫలానా తేదీన ఫలానా హోస్టును చేర్చాం, ఫలానా ఫోల్డర్‌ను ఈ కారణంతో వదిలేశాం అన్న వివరమంతా ఆర్కైవ్‌లోనే ఉండాలి. లేకపోతే 2060లో ఒక పరిశోధకురాలు గుంటూరు సైటు తెరిచి, 2022 నాటి టెండర్ పీడీఎఫ్ ఒక్కటీ దొరక్క, ఆ ఏడాది జిల్లా టెండర్లను వెబ్‌లో పెట్టనేలేదని రాసేయవచ్చు.