పనిలోంచి పుట్టిన సీమ కథ

కథకు వస్తువు ఎక్కడ దొరుకుతుందంటే మన దగ్గర తరచూ రెండు జవాబులు వినిపిస్తాయి. రాసే ఘడియ వస్తే అదే తోస్తుందనేది ఒకటి. ఎక్కడా జరగని వింత చేతికి చిక్కాలనేది రెండోది. కర్నూలు, కడప కథకుల పుస్తకాలు చదివితే ఈ రెండూ చాలవని తెలుస్తుంది. సినిమా ఈ రాయలసీమ నేలకు వేటకొడవలి తప్ప వేరే వస్తువే లేదన్నట్టు చూపించింది. ఇక్కడి మంచి కథకులు మాత్రం సేద్యం దగ్గర, మంద దగ్గర, వంటింట్లో కథ వెతుక్కున్నారు. ఒక పనిని లోతుగా తెలుసుకుని, అందులో మనిషి ఏదో ఒకటి తేల్చుకోక తప్పని ఘడియను పట్టుకోవడమే వీళ్ల పద్ధతి అని నా అభిప్రాయం.

బోరు వేయడాన్నే తీసుకుందాం. వాన మొహం చాటేస్తే రైతు అప్పు తెస్తాడు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిపిస్తాడు. బోరుబండి వస్తుంది. దానికి కూలి అడుగు లెక్కన. అనుకున్న లోతు దాటినా దుమ్మే లేస్తోంది. ఇంకో యాభై అడుగులు దించమనాలా, బండిని పంపించేయాలా? బోరు పడలేదన్నది వార్త. భార్య ఆపమంటోంది, కొడుకు ఇంకొంచెం చూద్దామంటున్నాడు. తెచ్చిన డబ్బు ఎవరిది, పట్టా ఎవరి పేరున ఉంది, కూతురి పెళ్లి ఎప్పుడు అనేవి తెలిసిన రచయితకు అక్కడ కథ దొరుకుతుంది. అడుగుకు ఎంతో తెలియనివాడికి ఎండిన పొలమూ ఏడ్చే రైతూ మాత్రమే కనిపిస్తారు.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ దీనికి గట్టి సాక్ష్యం. కరువులో మేత లేక గొర్లకాపరులు జీవాలను తోలుకుని నల్లమల ఎక్కడాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడు తండ్రి మంద వెంట అడవికి వెళ్లడం నవలలోని కథ. పులి భయం, నీళ్ల జాడ, మందను కాచే మెలకువ, అన్నీ కాపరుల వృత్తి జ్ఞానమే. కథను నడిపించేదీ ఆ జ్ఞానమే. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన ఈ నవల 2021లో సినిమా అయింది. ఆయన కంటే ముందుతరం వారు కేతు విశ్వనాథరెడ్డి. కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసి పట్టా పొందారు, పత్రికల్లోనూ పనిచేశారు. ఊరి పేరులో చెరువూ గుట్టా చెట్టూ ఎలా దాగి ఉంటాయో తెలిసిన మనిషి రాసిన కథల్లో నేల వట్టి నేపథ్యంగా మిగలదు. 1996లో ఆయన కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇలా రాస్తే కథ సర్వే నివేదిక అయిపోదా అని అడిగేవారున్నారు. అయిపోతుంది, వివరం దగ్గరే ఆగిపోతే. గొర్రు, గుంటక, పదును అంటూ మాటలు పేర్చి యాస ఒలకబోసినంత మాత్రాన కథ కాదు. ఈ ప్రమాదాన్ని కనిపెట్టి హెచ్చరించే విమర్శ కూడా కడపలోనే ఉండేది. రాచమల్లు రామచంద్రారెడ్డి 1968లో అక్కడినుంచి ‘సంవేదన’ త్రైమాసికం మొదలుపెట్టారు. తనకు నచ్చని రచనను మొహమాటం లేకుండా నచ్చలేదని చెప్పిన విమర్శకుడాయన. అలాంటి కఠినమైన పాఠకుడు పక్కనే ఉండటం కథకులకు మేలే చేస్తుంది.

ఎన్నాళ్లీ కరువు కథలు, చదివి చదివి విసుగొచ్చింది అనేది ఇంకో అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది, కరువును ముందే నిర్ణయమైన ముగింపుగా వాడిన కథలు చాలానే వచ్చాయి. కానీ పద్ధతిని కరువుతో ముడిపెట్టి చూడటం తప్పు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలో వాన ప్రసక్తి అక్కర్లేదు. శుక్రవారం నమాజుకు వెళ్లమని కొడుకును ఎప్పుడూ పోరే తల్లి, హైదరాబాదు మక్కా మసీదులో 2007లో బాంబు పేలాక వెళ్లొద్దంటుంది. అలవాటైన ఒక్క మాట తిరగబడితే చాలు, ఆ ఇంటి భయమంతా తెలిసిపోతుంది. అదే పేరుతో వచ్చిన కథల సంపుటికి 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది.

వస్తువు దొరకడం లేదనుకునే యువ రచయితలు సీమలో ఇంకా ఎన్ని పనులు కథకుల కోసం ఎదురుచూస్తున్నాయో గమనించాలి. బేతంచెర్ల నాపరాతి గనులున్నాయి, ఆదోని పత్తి మార్కెట్టుంది, ఎమ్మిగనూరు మగ్గాలున్నాయి, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లున్నాయి. వాటిలో ఒకదాని దగ్గరకు వెళ్లండి. అక్కడివాళ్లు రోజూ ఏం తేల్చుకోవాల్సి వస్తోందో ముందు అడిగి తెలుసుకోండి, రాయడం ఆ తర్వాత.