కోట ఎక్కడ నాన్నా?

రాజమండ్రిలో కోటగుమ్మం ఉంది గానీ కోట లేదు. అక్కడ శివుడి విగ్రహం చుట్టూ ఆటోలు తిరుగుతుంటాయి. రాజరాజ నరేంద్రుడు ఏలిన ఊరు. తర్వాత రెడ్డిరాజులు, గజపతులు, గోల్కొండ సుల్తానులు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్న ఊరు. మెయిన్ రోడ్డు మసీదులో 1324 నాటి శాసనం ఉంది. బురుజెక్కి ఫొటో దిగుదామంటే మాత్రం కుదరదు.

సెలవుల్లో పిల్లల్ని కారెక్కించి కోటలు చూపిస్తానని మాటిచ్చిన గోదావరి తండ్రికి ఇదొక చిక్కు. కొండపల్లి వెళ్తే మూడంతస్తుల రాతి కట్టడం కళ్లముందుంటుంది. అక్కడ పునాదీ కొండే, రాయీ కొండదే. మనది ఒండ్రు నేల. గుడికైతే రాయి మోసుకొచ్చారు. మిగతావాటికి మట్టీ ఇటుకే దిక్కు. రాజ్యం పోయాక మట్టిగోడ వానలకి కరిగి దిబ్బవుతుంది, ఇటుకలు ఒక్కొక్కటే ఊళ్లోకి చేరతాయి, మిగిలింది నాగలి చూసుకుంటుంది. వేంగి చాళుక్యుల పేరులోని వేంగి ఇవాళ్టి పెదవేగి. వెళ్లి చూడండి, పామాయిల్ తోటలు.

కాబట్టి మా కారు గుళ్ల దారి పడుతుంది. నాదొకటే నియమం: ముందు గుడి చుట్టూ బయటి గోడలు చూడాలి, దర్శనం తర్వాత. మా అమ్మకిది బొత్తిగా నచ్చదు. "దేవుణ్ణి వాకిట్లో నిలబెట్టి గోడలు చూస్తావేంట్రా" అంటుంది.

కాకినాడ వైపు కాలువ రోడ్డు పట్టుకుంటే కడియం నర్సరీలు, ద్వారపూడి, అనపర్తి దాటాక బిక్కవోలు. ఇక్కడి పాత గుళ్లు తొమ్మిదో శతాబ్దంలో ఏలిన గుణగ విజయాదిత్యుడి కాలం నాటివంటారు. ఊళ్లో గుళ్లకి పూజలున్నాయి, పొలాల్లో ఉన్నవాటికి లేవు. నాకు పొలాల్లోవే ఇష్టం. చేనుగట్టు మీద ఒకరి వెనక ఒకరం నడిచి వెళ్లి గోడకి జానెడు దూరంలో నిలబడితే, గూడు పైన తోరణానికి రెండు చివర్లా మకరాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. మా చిన్నది వాటి పళ్లు లెక్కపెట్టింది. పక్క చేలో మందు కొడుతున్నాయన ఆగి, "ఏ ఊరండీ మీది? ఇక్కడ దర్శనం ఉండదండి, ఊళ్లోకెళ్లండి" అన్నాడు. అమ్మకి ఆయన బాగా నచ్చాడు.

ఆ చేలకి కాలువ నీళ్లు తెచ్చిన ధవళేశ్వరం పాత ఆనకట్ట 1852లో పూర్తయింది. అంటే పక్కన పారే కాలువకంటే గుడి ఇంచుమించు వెయ్యేళ్లు పెద్దది. పిల్లలు మాత్రం కాలువే పాతదనుకున్నారు.

సామర్లకోటలో చాళుక్య భీముడి గుడి వాళ్లకి ఆట. శివలింగం కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేస్తుంది. కింద పాదం చూసి, మెట్లెక్కి పైన శిరస్సు చూడాలి. రెండుసార్లు పరిగెత్తారు.

ద్రాక్షారామంలో మాత్రం తొందరపడకూడదు. గోడలూ స్తంభాలూ శాసనాలతో నిండి ఉంటాయి. చాలావాటిలో యుద్ధాలుండవు, నెయ్యి ఉంటుంది. గుళ్లో అఖండ దీపం వెలగడానికి దాత గొర్రెల్నో ఆవుల్నో ఇస్తాడు. వాటిని తోలుకెళ్లినవాడు గుడికి రోజూ కొలత ప్రకారం నెయ్యి పొయ్యాలి. గొర్రెలకైతే మామూలు లెక్క యాభై.

"గొర్రెలు చచ్చిపోతే?" అన్నాడు మావాడు. పిల్లలు పుడుతూనే ఉంటాయి కదా, మంద తగ్గకుండా చూసుకోవడం కాపరి పూచీ అని చెప్పాను. అమ్మ అంతవరకూ ప్రదక్షిణలో ఉంది. గేదెల్ని మేపిన మనిషి కదా, వచ్చి స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది.

"యాభైటికి రోజూనా? వేసవిలో పాలు తగ్గితే ఎక్కణ్ణించి తెస్తాడ్రా పాపం? కొనే పోసుంటాడు" అంది.