బిల్హణుని కాశ్మీరస్మృతి
(విక్రమాంకదేవచరితము – అష్టాదశసర్గ పరిశీలనము)

తెలుగువారికి బిల్హణుడు కథానాయకుడుగా పరిచితుడైనంతగా కవిగా పరిచితుడు కాడు. రాజపుత్రికకు విద్య గఱపబోయి యామె వలపు చూఱగొని, వధ్యస్థానమునకు గొనిపోబడుచు ప్రియురాలిని దలచి పద్యములు చెప్పినవాడన్న కథ ‘బిల్హణీయ’మను పేర మన భాషలోను కావ్యరూపము దాల్చినది. ఆ కథ రమణీయమైనదే కాని చరిత్రము కాదు. చరిత్రకెక్కిన బిల్హణుడు కాశ్మీరదేశీయుడు. పదునొకండవ శతాబ్ది యుత్తరార్ధమున స్వదేశమును విడిచి, ఉత్తరాపథమెల్ల గ్రుమ్మరి, తుదకు కల్యాణనగరము చేరి, పశ్చిమచాళుక్య చక్రవర్తి యాఱవ విక్రమాదిత్యుని (1076–1126) కొలువున ‘విద్యాపతి’ యైనవాడు. ఆ ప్రభువు చరిత్రమునే యాతడు పదునెనిమిది సర్గల మహాకావ్యముగా రచించెను. జర్మను పండితుడు బ్యూలర్ 1874లో జైసల్మేరు జైనభాండాగారమున నీ కావ్యప్రతిని కనుగొని, మఱుసటి సంవత్సరమున ప్రకటించినాడు.

నాటినుండి యీ కావ్యమును చరిత్రకారులు శ్రద్ధతో చదివినారు. చాళుక్యుల యుద్ధములకై మొదటి పదునేడు సర్గలను, కవి జీవితమునకై పదునెనిమిదవ సర్గమును వారు శోధించిరి. అందుచే నీ కడపటి సర్గము కవిచరిత్రకు నిధియని పేరొందినదే కాని, కావ్యముగా విచారింపబడుట యరుదు. రాజు కథ పదునేడవ సర్గమున ముగిసినది. ఆపై కవి తన యూరిని, తన వారిని, తన దేశాటనమును చెప్పుకొన్నాడు. ఇది కావ్యమునకు తగిలించిన తోకయా, లేక కావ్యహృదయమా యన్నదే మేమిచ్చట విచారింపబూనిన విషయము. ఇది జన్మభూమిని గోల్పోయినవాని స్మృతికావ్యమనియు, దీనిని విడిచి చదివినచో బిల్హణుని కవిత్వమునందలి మేలిభాగము మనకు దక్కదనియు మా యభిప్రాయము.

కావ్యము కాశ్మీరకవిదైనను తెలుగు చదువరికి దూరమైనది కాదు. నేటి తెలంగాణములో నధికభాగము నాడు కల్యాణచాళుక్యుల యేలుబడిలోనిది. తొలి కాకతీయులు వారి సామంతులు. ఆ కొలువుననే విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర పదుమూడవ శతాబ్దిలో కేతన చేతిమీదుగా తెనుగైనది. ఈ కావ్యమున విక్రమాదిత్యునికి ప్రతిపక్షియై చోళరాజ్యము నాక్రమించిన వేంగీనాథుడు ‘రాజిగుడు’ మఱెవ్వడో కాడు. నన్నయభట్టు నాదరించిన రాజరాజనరేంద్రుని కుమారుడు, కులోత్తుంగచోళుడని ప్రసిద్ధిగన్నవాడు. భారతము తెనుగైన తరమునకు వెనువెంటనే, మన పొరుగుసభలో నొక పరదేశి తన యూరిని దలచుకొన్న కావ్యమిది.

ముందుగా నొక శంకను తీర్చవలసియున్నది. బిల్హణుని నెవ్వరును వెడలగొట్టలేదు. కీర్తికై, విద్యాప్రకటనమునకై తానై బయలుదేరినాడు. అట్టివానిని దేశభ్రష్టుడనవచ్చునా? ధనంజయుడు దశరూపకమున ప్రవాసమునకు కార్యము, సంభ్రమము, శాపము అని మూడు హేతువులు చెప్పినాడు. మేఘసందేశమునందలి యక్షునిది శాపప్రవాసము, బిల్హణునిది కార్యప్రవాసము. మొదటిదానియందు వేదన హెచ్చనియు, రెండవదానియందు స్వల్పమనియు తోచుట సహజము. కాని విచారించినచో విషయము తాఱుమాఱగుచున్నది. శాపమునకు గడువు కలదు. యక్షునికి సంవత్సరము నిండిన నాడు అలక తలుపులు తెఱచియే యుండును. కార్యప్రవాసికి గడువు లేదు. పోవలదని వాని నెవ్వరు నడ్డగింపరు, ఐనను పోలేడు. ప్రభువిచ్చిన ప్రతి గౌరవమును వాని కాళ్ల కొక క్రొత్త బంధమగును. యక్షుడు కుబేరుని నిందింపవచ్చును. బిల్హణునికి నిందించుట కెవ్వరును లేరు. ఈ విశేషమే యాతని స్మృతికి ప్రత్యేకమైన రుచి నొసగినది. ఇందు విలాపము లేదు, ఆక్రోశము లేదు. ఉన్నది వివరము మాత్రమే.

ఈ స్మృతికి బీజము మొదటి సర్గముననే పడినది. కవితావిలాసములును కుంకుమకేసరములును తోబుట్టువులనియు, శారదాదేశమున దప్ప వేఱొకచోట వాని మొలకను తాను చూచియుండలేదనియు కవి యచ్చట చెప్పినాడు. దీనిని సామాన్యముగా కాశ్మీరకవి యహంకారమునకు నిదర్శనముగా చూపుదురు. అహంకారము లేదని మే మనము. కాని ‘తాను చూడలేదు’ అన్న మాట బరువును గమనింపవలెను. ఇల్లు కదలనివాడు చెప్పిన యెడల నది వట్టి గొప్ప. మథుర, కన్యాకుబ్జము, ప్రయాగ, వారాణసి, డాహళము, సోమనాథము, సేతువు చూచివచ్చినవాడు చెప్పినపుడది వెదకి వేసారిన వాని వాఙ్మూలము. కుంకుమపువ్వు పరదేశమున దొరకును, అంగడికి వచ్చును, రాజసభలలో మైపూతయు నగును. కాని మొలకెత్తదు. కొలువుకవి స్థితియు నదియే. ఈ యుపమానమును కవి తన్నుగూర్చియే చెప్పుకొన్నాడని పదునెనిమిదవ సర్గము చదివిన పిదప గాని మనకు స్ఫురింపదు.

మహాకావ్యమున నగరవర్ణన ముండవలెనన్నది దండి మొదలగు నాలంకారికుల నియమము. కల్యాణవర్ణనముతో నా నియమము రెండవ సర్గముననే చెల్లినది. ఆ వర్ణన మలంకారబహుళము, రాజోచితము. శాస్త్రము కోరిన నగర మది. పదునెనిమిదవ సర్గమునందలి ప్రవరపురము, అనగా నేటి శ్రీనగరము, శాస్త్రము కోరినది కాదు, కవి కోరినది. అచ్చటి స్త్రీలు సైతము సంస్కృతప్రాకృతములను మాతృభాషవలె పలుకుదురన్నంతవఱకు పరిచితమైన నగరస్తుతియే. అటుపిమ్మట కవి తన పుట్టినయూరు ఖోనముఖమునకు వచ్చినాడు. అంతట పద్యపు నడక మాఱినది. రాజధానికి ఆ యూరెంత దూరమో చెప్పినాడు. చేరువనున్న జయవనమున తక్షకనాగుని మడుగు కలదని చెప్పినాడు. ఊరి కొకవైపున కుంకుమము, వేఱొకవైపున ద్రాక్ష పండునని చెప్పినాడు. ముత్తాత ముక్తికలశుని, తాత రాజకలశుని, మహాభాష్యమునకు వ్యాఖ్య రచించిన తండ్రి జ్యేష్ఠకలశుని, తల్లి నాగదేవిని, అన్న ఇష్టరాముని, తమ్ముడు ఆనందుని పేరుపేరున దలచినాడు. శ్రీనగర సమీపమున ఖున్‌మోహ్ అను పేర నా గ్రామము నేటికిని కలదు. ప్రభువుల యుద్ధములను చెప్పునపు డతిశయోక్తిని విడువని కవి, ఊరిని చెప్పునపుడు దారి యడిగినవానికి గుర్తులు చెప్పు పల్లెవానివలె మాటాడినాడు. స్మృతికి సత్యమైన లక్షణ మిదియే యని మా నమ్మకము. గోల్పోయినదానిని పొగడినందువలన ప్రయోజనము లేదు, మఱవకుండుటయే ప్రయోజనము.

ఛందస్సు మఱొక సాక్ష్యము. ఖోనముఖవర్ణనము మందాక్రాంతవృత్తమున నడచినది. మేఘసందేశ మాద్యంతము మందాక్రాంతమే యగుట సర్వవిదితము. కాళిదాసుని పిదప నా వృత్తపు నడకను విన్న సహృదయునికి రామగిరిమీది యక్షుడు జ్ఞప్తికి రాకపోడు. భావములోను పోలిక కలదు. కాళిదాసుడు అలకను కైలాసపు టొడిలో కూర్చుండబెట్టినాడు. బిల్హణుడు తన పల్లెను హిమవంతుని యొడికి లీలాభరణముగా జేసినాడు. కాని పయనపు దిక్కు తలక్రిందైనది. మేఘము దక్షిణమునుండి యుత్తరమునకు, ప్రవాసమునుండి యింటికి పోవును. బిల్హణుని సర్గము ప్రవరపురమున మొదలై, యుత్తరమునుండి దక్షిణమునకు నడచి, కల్యాణమున ముగియును. యక్షుడు తాను పోలేక సందేశమును పంపెను. ఇచ్చట కవియే సందేశమై యింటికి దూరముగా పోవుచున్నాడు. కావ్యము వినుచున్న చాళుక్యసభ చివరి సర్గమున తన నగరమును మరల చేరుటకు కాశ్మీరము మీదుగా రావలసివచ్చినది. పరదేశి తన ప్రభువునకు తన బాధను ఇంతకన్న మర్యాదగా నెట్లు తెలుపగలడు?

ఈ పయనమున రెండు ఘట్టములు విశేషముగా గమనింపదగినవి. బిల్హణుని పూర్వులు కౌశికగోత్రులు, మధ్యదేశమునుండి గోపాదిత్యుడను రాజు కాశ్మీరమునకు గొనితెచ్చిన బ్రాహ్మణులు. అనగా కన్యాకుబ్జ ప్రయాగప్రాంతములలో కవి నడచిన త్రోవ పూర్వులు నడచిన త్రోవకు ఎదురుత్రోవ. వంశమును బట్టి చూచిన నది తిరిగి యింటికి వచ్చుటయే కావలెను. అయినను మధ్యదేశమును తన దేశమని యాతడు దలపలేదు. జన్మభూమి రక్తమువలన గాక, బాల్యమున చూచిన కుంకుమపు మళ్లవలన ఏర్పడునని యీ సర్గము చాటుచున్నది. రెండవది ధారానగర ఘట్టము. కవి ధారకు పోలేదు. భోజుని వంటి రాజు లేడు గదా, అతని సన్నిధికి నీవేల రాలేదని యా నగరము తన గోపురములందలి పావురముల కూతలనెడి నెపమున దుఃఖించినట్లు చెప్పినాడు. ఇదియు మందాక్రాంతమే. ఊరు మనుష్యుని పిలుచునన్న భావము ఊరిని ప్రాణివలె ప్రేమించినవానికే తోచును. చూడని యూరి పిలుపునే యింత కరుణముగా విన్నవాడు, విడిచిన యూరి పిలుపు నెంతగా వినియుండునో యూహింపవచ్చును.

లోపమును గూడ చెప్పవలెను. ఈ సర్గమున నాత్మస్తుతి మెండు. ఏ సభలో నెవరిని గెలిచితినో చెప్పు భాగములు స్మృతిధారను తెంపుచున్నవి. అంతకన్న ముఖ్యమైనది వేఱొకటి. బిల్హణుడు అనంతరాజును, రాణి సుభటను, వారి కుమారుడు కలశుని, మనుమడు హర్షుని ప్రశంసించినాడు. కల్హణుని రాజతరంగిణి విప్పినచో నా యింటి కథయే మఱొకరీతిగా కనబడును. తండ్రికొడుకుల కలహము ముదిరి, అనంతుడు 1081లో ఆత్మహత్య చేసికొనెను; రాణి సహగమనము చేసెను. హర్షుడు రాజై దేవాలయములను దోచి, 1101లో హతుడయ్యెను. కాశ్మీరమున నిలిచి 1148–1150 నడుమ వ్రాసిన కల్హణుడు దాని నెత్తురును చూపినాడు. వెడలిపోయిన బిల్హణుడు దాని కుంకుమమును చూపినాడు. ఇందు బిల్హణు డసత్యమాడినాడని మే మనజాలము. హర్షు డింకను రాజు కాని కాలముననే యీ కావ్యము పుట్టినది. రానున్నది కవి కెట్లు తెలియును? కాని దూరము స్మృతిని వడగట్టునన్నమాట నిజము. చదువరి యీ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచుకొనవలెను.

ఇక రసవిచారము. దేవాదివిషయకమైన రతియు, ప్రధానముగా వ్యంజితమైన వ్యభిచారియు భావములే కాని రసములు కావని మమ్మటుని సిద్ధాంతము. దాని ననుసరించి జన్మభూమిరతి భావము. ఈ సర్గమున ప్రధానమైన స్మృతియు భావమే. శాస్త్రమును మేము కాదనము. కాని రాజవిషయకరతియు నా సూత్రము ననుసరించి భావమే యగుట మఱవరాదు. పదునేడు సర్గములు రాజునెడ రతి, ఒక సర్గము జన్మభూమియెడ రతి. ఒకే తక్కెడలో తూచినపుడు సహృదయుని మనస్సున నేది నిలుచుచున్నది? యుద్ధములలో నెవ్వడోడెనో మఱచినవానికి సైతము, ఒకవైపు కుంకుమము, ఒకవైపు ద్రాక్ష పండు పల్లె జ్ఞప్తియందుండును.

బిల్హణుడు తిరిగి కాశ్మీరము చేరినట్లు చెప్పు నాధారము లేదు. కల్హణుడు మాత్ర మొక్క విషయము చెప్పినాడు: కర్ణాటప్రభువు ముందట నేనుగులపై గొడుగు నెత్తించుకొని తిరిగిన బిల్హణుడు, స్వదేశమున హర్షుడు కవిబాంధవుడై దానము చేయుచున్నాడని విని, తన యంతటి వైభవమును వంచన యని తలచెనట. కల్హణు డిది హర్షుని దాతృత్వమును పొగడుటకే చెప్పినాడు. పదునెనిమిదవ సర్గము చదివినవారికి కారణము ధనము కాదని తోచకపోదు. కావున విశ్వవిద్యాలయములలో నీ కావ్యమును బోధించువారు కడపటి సర్గమును కవిచరిత్రయని వేఱుపఱపక, కావ్యమునకు ఫలశ్రుతిగా గ్రహించి బోధింతురు గాక యని మా మనవి.